నాయన లారీ వేడెక్కిన సంగతి

"ఆడేది మీ అబ్బాయా మేడం?"

రిపేరు షాపాయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పది కిలోల పైన బరువుండే కంప్యూటరు డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, తిరుపతి ట్రాఫిక్కులో అంత దూరం తెచ్చాను. ముందు దాన్ని దించుకోవడానికి కౌంటరు మీద కాస్త జాగా చూపించాలి కదా! అది కాదు, దీని ముందు కూర్చుని ఆడే మగపిల్లవాడెవడో తేలాలి ఆయనకు.

"నాకు అబ్బాయి లేడు సార్. ఇది నాది. కొన్నది నేను, బిగించింది నేను. ఇప్పుడు ఎక్కువ ఆడేది మా నాయన" అన్నాను.

"మీ నాయనా?" కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఏ మాత్రం వయసుంటాది?"

"అరవై ఏడు. జ్వరం వచ్చింది కంప్యూటరుకి సార్, మా నాయనకు కాదు. ముందు దాన్ని చూడండి."

జ్వరమే అది. ఆట మొదలుపెట్టిన పావుగంటకు తెర మూలన ఉండే అంకె డెబ్భై దాటి, ఎనభై దాటి, తొంభైకి చేరేది. అది గ్రాఫిక్స్ కార్డు వేడి. తెర మీద కనిపించే ప్రతి బొమ్మనూ గీసేది ఆ కార్డే. లోపలి ఫ్యాన్లు పిండిమరలా గోల పెట్టేవి. బొమ్మలు ఆగి ఆగి కదిలేవి. తర్వాత తెర నల్లగా అయిపోయేది.

నా సంగతి కూడా చెప్పాలి. రేణిగుంటలో ఒక గోడౌనులో పని నాది. లారీలకు లోడింగు కాగితాలు రాసిస్తాను. కాలేజీ రోజుల నుంచీ నాకు కంప్యూటరు ఆటల పిచ్చి. నలభై దాటినా ఆ పిచ్చి పోలేదు, పోవాలని నేను అనుకోనూ లేదు. "ఈ వయసులో ఆటలేంది?" అని అడిగేవాళ్లకూ, "పెళ్లెందుకు చేసుకోలేదు?" అని అడిగేవాళ్లకూ నా దగ్గర ఒకే రకం చూపు ఉంటుంది.

నాయన ముప్పై రెండేళ్లు లారీ నడిపాడు. సొంత లారీ ఏనాడూ లేదు, ఎప్పుడూ ఒక ఓనరు కింద డ్రైవరే. నా చిన్నప్పుడు పొద్దున్నే పక్కనున్న అంగడికి పోయి అక్కడి ఫోనులో, "సార్, బండి తీసేదా?" అని ఓనరును అడిగి వచ్చేవాడు. ఆ మాట అడగకుండా ఆయన బండి కదిలింది లేదు. తర్వాత షుగరు వచ్చింది. పాదాలు మొద్దుబారాయి. మూడేళ్ల కిందట పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి ఓనరే తీసేశాడని నేను అనుకున్నాను. ముప్పై రెండేళ్లు చాకిరీ చేయించుకుని ఒక్క మాటతో ఇంటికి పంపాడని ఆ మనిషిని తిట్టని రోజు లేదు.

అమ్మ అప్పటికే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. నాయన మాట్లాడటం మానేశాడు. అన్నం తింటావా అంటే ఊ, నిద్ర పట్టిందా అంటే ఊ. ఏడాది పాటు ఆయన నోట నేను విన్నది ఆ ఒక్క అక్షరమే.

లారీ నడిపే ఆట ఒకటుందని నాకు తెలుసు. స్టీరింగూ పెడళ్లూ కొని తెచ్చి, నా బల్లకు బిగించి, ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాను. ఎవరి దేశమో అది, బండ్లన్నీ రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. మొదటి రోజు ఎదురొచ్చిన ప్రతి బండినీ బూతులు తిట్టాడు నాయన. "ఇదేం లారీ పాపా? క్లచ్చి లేదు, క్లీనరు లేడు" అన్నాడు. రెండో రోజు నేను పని నుంచి వచ్చేసరికి అక్కడే కూర్చుని ఉన్నాడు. "ఇది సూడు, వడమాలపేట దాటినాక వచ్చే వంపు మాదిరే ఉండాది" అని తెర చూపించాడు. ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతులో అంత పొడుగు మాట! వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున పది గంటలకు ఆయనకు డ్యూటీ. నేను ఎనిమిదింటికే పనికి పోతాను, ఆదివారమైతే ఆ టైముకు సంతకు పోతాను. ఆయన స్నానం చేసి, భుజాన తువ్వాలు వేసుకుని, బండెక్కేవాడు. సాయంత్రం నేను ఇంట్లో కాలు పెట్టగానే ఆ రోజు ట్రిప్పు చెప్పేవాడు. ఏం లోడు, ఎక్కడ వాన పడింది, ఏ వంపులో ఎవడు అడ్డమొచ్చాడు. గంటసేపు చెప్పేవాడు. నేను చెప్పులు కూడా విప్పకుండా వినేదాన్ని.

ఇప్పుడు ఈ వేడి. డబ్బా ఆగిపోతే ఆయన మాట మళ్లీ ఆగిపోతుందని నా భయం. నా కోపమంతా ఆ భయమే.

"బండి హీటెక్కతా ఉండాది పాపా. రేడియేటర్లో నీళ్లు సూస్తివా?" అన్నాడు మొదటిసారి. నవ్వాను. మూడోసారికి నవ్వు రాలేదు. తెర నల్లగా అయిపోయినా స్టీరింగు మీద చేతులు తీయకుండా కూర్చునేవాడట. "రోడ్డు మధ్యలో నిలిపేసినాను. ఎనకాల ఎన్ని బండ్లు నిలిచిపోయినాయో" అనేవాడు. ఆ మొహం చూస్తే నాకు ఆ కార్డును తీసి గోడకేసి కొట్టాలనిపించేది.

షాపాయన డబ్బా విప్పి, బ్లోయరు పెట్టి ఊదాడు. లోపలి నుంచి బూడిదరంగు పొడి గుప్పున లేచి ఆయన మీసాల మీద పడింది. ఇంటికి తెచ్చి పెడితే అంకె అరవై ఎనిమిది దగ్గర నిలబడింది. రెండు వారాలు హాయిగా నడిచింది. మూడో వారం మళ్లీ తొంభై.

మళ్లీ ఆటో, మళ్లీ గుంతలు.

"మీ ఇంట్లో దుమ్ము ఎక్కువ మేడం. కొంచెం ఊడ్చుకోవాల" అన్నాడు షాపాయన.

నా ఇంట్లో దుమ్మా! రోజూ తడిగుడ్డతో తుడిచే ఇల్లు నాది. డబ్బా పైకప్పు మీద జల్లెడలాంటి తెర ఒకటి ఉంటుంది, దుమ్ము లోపలికి పోకుండా అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది. దాన్ని ఊడబెరికి ఆయన మొహం ముందు పెట్టాను. "చూడండి సార్, ఒక్క నలుసుందేమో చూపించండి. కడిగిన పళ్లెంలా ఉంది. మా నాయన రోజూ తుడుస్తాడు."

నిజంగానే మెరిసిపోతోంది ఆ తెర. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి లోపలికి ఇంత పొడి యాడినుంచి వచ్చింది?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన సరిగ్గానే అడిగాడు. నేనే సరిగ్గా వినలేదు. కార్డు విప్పి లోపల వేడి లాగే పేస్టు మార్చి ఇచ్చాడు. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి, "సిమెంటు మాదిరి ఉండాది" అన్నాడు.

సిమెంటు! అంతే, నాకు దొంగ దొరికాడు. మా ఇంటి ఎదురుగా ఎవరో మేడ కడుతున్నారు. నేరుగా అక్కడికి పోయాను. ఇల్లుగలాయన ఇటుకలు లెక్కపెట్టించుకుంటూ నిలబడి ఉన్నాడు.

"మీ సిమెంటంతా మా ఇంట్లోకొస్తా ఉంది. మా మిషను పాడైపోతా ఉంది. మనుషులున్నారా లేదా ఎదురింట్లో?" అని వీధంతా వినబడేలా అరిచాను.

"ఏమ్మా, సిమెంటు పని మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది. మీ మిషను ఎప్పటినుంచి పాడు?" అన్నాడాయన.

లెక్క తప్పిందని నాకు అర్థమైంది. కానీ అంత అరిచాక వెనక్కి తగ్గేదెట్లా? ఇంకా రెండు మాటలు ఎక్కువే అన్నాను. పాపం, మర్నాడు మేడ చుట్టూ పచ్చ తెర కట్టించాడు. ఆ తెర ఇప్పటికీ వేలాడుతోంది. నేను ఆ పక్కకు తల తిప్పకుండా నడుస్తాను.

పచ్చ తెర కట్టించిన వారానికే అంకె మళ్లీ తొంభై ఒకటి. ఫోను చేస్తే షాపాయన, "కార్డు పని అయిపోయినట్టుంది మేడం, కొత్తది చూసుకోండి" అన్నాడు. నీ తలకాయ అయిపోయింది అనబోయి ఫోను పెట్టేశాను. ఇక ఎవరి చేతికీ ఇవ్వకూడదనుకున్నాను.

ఆదివారం పొద్దున నాయన క్షౌరానికి పోయాడు. నేను డబ్బాను నేల మీద పడుకోబెట్టి, పక్క తలుపు విప్పి, కార్డును బయటికి తీశాను. కార్డు వెనకపలకకు ఒక పక్కన గాలి పోవడానికి సందు ఉంటుంది. ఆ సందులోంచి చూస్తే పలుచని రేకులు వరసగా కనిపిస్తాయి. వేడి బయటికి పోయేది ఆ రేకుల మధ్య నుంచే. ఆ వరసంతా బూడిదతో పూడిపోయి ఉంది. సన్నటి బ్రష్షుతో గీకుతుంటే ఒక పుల్ల ముక్క అడ్డం తగిలింది. పట్టకారుతో లాగాను. గోరంత పొడుగుంది. ఒక కొన ఎర్రరంగు, ఇంకో కొన కాలి నల్లబడి ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మల్లెపూల వాసన.

మా దేవుడి అరలో ఉండే ఊదుబత్తుల వాసన అది.

పైకప్పు తెర తీసి చూశాను. దాని కింద ఇనప రేకుకు చిన్న చిన్న చిల్లులుంటాయి. ఊదుబత్తి పుల్ల సరిగ్గా పట్టేంత చిల్లులు. ముందు వరసలో మూడు చిల్లుల చుట్టూ నల్లటి మరకలున్నాయి. నాకు కళ్ల ముందు అంతా నడిచింది. డ్రైవరు బండెక్కే ముందు క్యాబిన్లో మూడు ఊదుబత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంటాడు. నాయన కూడా తెర తీసేసి, చిల్లుల్లో మూడు ఊదుబత్తులు గుచ్చి, అవి కాలేదాకా నిలబడి, తర్వాత పైనంతా తడిగుడ్డతో తుడిచి, తెర మళ్లీ అతికించి బండెక్కుతున్నాడు. రోజూ మూడు ఊదుబత్తుల బూడిద నేరుగా కార్డు నెత్తిన రాలుతోంది. అందుకే తెర అద్దంలా ఉంది, లోపల శ్మశానంలా ఉంది.

వీధిలో అందరి ముందూ ఎదురింటాయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. షాపాయన్ని పనికిమాలినవాడని మనసులో వందసార్లు తిట్టాను. దొంగ నా ఇంట్లోనే ఉన్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ సిగ్గు కోపమవడానికి క్షణం పట్టలేదు.

నున్నటి గడ్డంతో నాయన లోపలికి వచ్చాడు. నేల మీద పరిచిన సామాను చూసి, "ఇంజను దించేసినావా పాపా?" అని నవ్వాడు.

పుల్ల ముక్క చూపించాను. "ఇదేంది నాయనా?"

ఆయన దాన్ని చూశాడు.

"ఎవరన్నా కంప్యూటరు మీద ఊదుబత్తులు గుచ్చుతారా? తెలివుందా నీకు? రెండు నెలలుగా నేను ఊరంతా తిరుగుతా ఉంటే, ఏమీ కనబడకుండా తుడిచి తుడిచి పెడితివే! ఇది లారీ కాదు నాయనా. బొమ్మ. ఆ రోడ్డు లేదు, ఆ లోడు లేదు, ఆ ఊరు లేదు. నువ్విప్పుడు డ్రైవరువి కాదు. ఇది నీ బండి కాదు, నాది!"

ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషిని కాదు నేను. ఆ రోజు అసలే తెలియలేదు.

నాయన మంచం అంచున కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. మడిచిందాన్నే విప్పి మళ్లీ మడిచాడు.

"ఊదుబత్తులు బండికి కాదు పాపా పెట్టేది" అన్నాడు. "ఎదురొచ్చేవాళ్లకి. నా బండి కింద ఎవురూ పడకూడదని."

చేతిలోని పుల్ల ముక్కను నేల మీద పెట్టాను.

"పుత్తూరుకు ఈవల ఒకామె గడ్డిమోపు ఎత్తుకోని రోడ్డు దాటతా ఉండె. బ్రేకు మింద కాలు పెట్టినాననే అనుకుంటి. కాలు యాడుండాదో నాకే తెలీలే. చేతి బ్రేకు లాగినా. జానెడు దూరంలో నిల్చింది బండి. ఆమె గడ్డిమోపు పారేసి నా మొగం సూసింది సూడు... ఆ పొద్దే తాళాలు ఓనరు చేతికిచ్చేసినా. ఆయన వద్దనే అన్నాడు. నన్ను ఎవురూ తీసెయ్యలేదు పాపా."

మూడేళ్లు తిట్టాను ఆ ఓనరును. నా తిట్లు ఒక్కటంటే ఒక్కటి తగలాల్సిన మనిషికి తగల్లేదు. తగలకూడని మనిషికి మాత్రం ఆ రోజు అన్నీ తగిలాయి.

కార్డును రేకు రేకునా శుభ్రం చేసి బిగించాను. అంకె అరవై నాలుగు దాటలేదు. షాపాయన చచ్చిపోయిందన్న కార్డు చప్పుడే లేకుండా తిరిగింది. "నాయనా, వచ్చి చూడు, చల్లగా ఉంది" అని పిలిచాను. "పనుండాది పాపా" అన్నాడు. ఏం పని? వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురింటి పచ్చ తెర చూడటం.

స్టీరింగు మీద ఆయన తువ్వాలు కప్పి ఉంది. పదమూడు రోజులు ఆ తువ్వాలు కదల్లేదు. అన్నం తింటావా నాయనా? ఊ. మాత్రలు వేసుకున్నావా? ఊ. ఆ 'ఊ' మళ్లీ వచ్చింది, ఈసారి దాన్ని తెచ్చింది నేనే. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, గోడౌనులో ఒక డ్రైవరు కాగితం తప్పు చూపిస్తే అతని ముందే ఏడ్చాను.

పద్నాలుగో రోజు ఆదివారం. కిటికీ పక్కన, డబ్బాకు ఆరడుగుల దూరంలో స్టూలు వేశాను. దాని మీద పళ్లెం, పళ్లెంలో అరటిపండు, అరటిపండుకు మూడు ఊదుబత్తులు గుచ్చాను. పక్కన అగ్గిపెట్టె పెట్టాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, అరవడమే చేతనవును. వాకిట్లోకి పోయి, "డ్యూటీకి టైమైంది, లే" అని అరిచాను.

నాయన వచ్చి స్టూలు వైపు చూశాడు. "అంత దూరంగా పెడితివే" అన్నాడు.

"ఎదురొచ్చేవాళ్లకే కదా. ఎంత దూరం నుంచైనా అందుతాది" అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. అగ్గిపుల్ల గీశాడు. ఊదుబత్తులు కాలేదాకా నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు తీసి భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం నాకు ట్రిప్పు మొత్తం చెప్పాడు. గొడవ తీరిపోయిందని అనుకున్నాను.

సోమవారం గోడౌనులో ఉన్నాను. సరిగ్గా పది గంటలకు ఫోను మోగింది.

"పాపా, బండి తీసేదా?"

"ఏంది నాయనా?"

"పూజ అయిపోయ. నంబరు నలభై సూపిస్తా ఉండాది. తీసేదా?"

"తీ నాయనా. నన్ను అడిగేదేంది?"

"నీ బండి గదా" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని.

మర్నాడు పదికి మళ్లీ. ఆ మర్నాడూ అంతే. అడగొద్దని చెప్పాను, బతిమాలాను, ఒకరోజు గోడౌనులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. "సరే పాపా" అంటాడు. మర్నాడు పదింటికి ఫోను మోగుతుంది.

నా బల్ల ముందు రోజూ డ్రైవర్లు వరసగా నిలబడతారు. లోడు ఎక్కించాక, కాగితం మీద నా సంతకం కోసం చూస్తూ "బండి తీసేదా మేడం?" అని అడుగుతారు. ముప్పై రెండేళ్లు నాయన కూడా ఎవరో ఒకరి ముందు అట్లాగే నిలబడ్డాడు. ఆయన జీవితంలో ఎవరినీ అడక్కుండా తీసిన బండి నా బల్ల మీది ఆ ఒక్కటే. దానికీ ఇప్పుడొక ఓనరు ఉంది.

పది కావస్తే చేతిలో పెన్ను ఆగిపోతుంది. ఫోను మోగుతుంది. "పాపా, బండి తీసేదా?" అంటాడు.

"తీ నాయనా" అంటాను.